స్కాన్ రిపోర్టులో ఆ ‘గ్రేడ్ 3’ని పట్టుకుని ఎందుకింత టెన్షన్?

తొమ్మిదో నెల స్కాన్ అయిన సాయంత్రం మా బంధువుల్లో ఎవరింట్లోనైనా జరిగేది ఒకటే. రిపోర్టు ఫొటో తీసి నాకు వాట్సాప్ చేస్తారు. బిడ్డ బరువు, ఉమ్మనీరు, తల కిందికి తిరిగిందా లేదా, అన్నీ ఉన్న ఆ కాగితంలో ఒక్క లైను చుట్టూ మాత్రం పెన్నుతో సున్నా చుట్టి ఉంటుంది: ‘ప్లసెంటా యాంటీరియర్, గ్రేడ్ 3 మెచ్యూరిటీ’. ప్లసెంటా అంటే మాయ, కడుపులో బిడ్డకు తిండి, ఆక్సిజన్ అందించేది. ఆ ఫొటో కిందే వాయిస్ మెసేజ్. “అక్కా, మాయ ముదిరిపోయిందంటున్నరు. ఇంక ఆగొద్దా?”

నన్నే ఎందుకు అడుగుతారంటే, దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక స్కానింగ్ సెంటర్లో చాలా ఏళ్లు రిపోర్టులు టైపు చేశాను. డాక్టర్ని కాను. రేడియాలజిస్టు స్క్రీన్ చూస్తూ చెబుతుంటే పక్కన కూర్చుని కొట్టడం, ఫారం ఎఫ్ (లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద నింపాల్సిన కాగితం) నింపించడం, బయట కూర్చున్నవాళ్లకి కవరు అందించడం, ఇదీ నా పని. ఆ కవరు చేతికందగానే సెంటర్ మెట్ల మీదే రిపోర్టు విప్పి చదివే అత్తగార్లను, అమ్మలను, భర్తలను రోజూ చూసేదాన్ని. అందుకే ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. నెలలు నిండాక వచ్చిన గ్రేడ్ 3 చూసి భయపడాల్సిన పని లేదు. గ్రేడ్ 1 అనో 2 అనో ఉందని ధైర్యపడాల్సిన పనీ లేదు. ఎన్నో వారమో చూడకుండా, మిగతా రిపోర్టు చదవకుండా ఆ అంకె ఒక్కదాన్నే పట్టుకుంటే అది ఏమీ చెప్పదు. అలాంటి అంకెను వివరం లేకుండా ప్రతి గర్భిణి చేతిలో పెట్టడం మన సెంటర్లు మానుకోవాలి.

అసలు ఈ గ్రేడ్లు ఎక్కడినుంచి వచ్చాయో తెలిస్తే సగం భయం పోతుంది. 1979లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో గ్రానమ్, బెర్కోవిట్జ్, హాబిన్స్ అనే ముగ్గురు డాక్టర్లు మాయను అల్ట్రాసౌండ్‌లో చూసి 0 నుంచి 3 దాకా నాలుగు మెట్లుగా విడగొట్టారు. వాళ్లకి కావలసింది బిడ్డ ఊపిరితిత్తుల సంగతి. ఆ రోజుల్లో మొదటి నెలల స్కాన్ అందరికీ ఉండేది కాదు, తేదీలు కచ్చితంగా తెలిసేవి కావు. బిడ్డను ముందుగా బయటికి తీయాల్సి వస్తే ఊపిరి పీల్చుకోగలదా లేదా తెలుసుకోవడానికి తల్లి పొట్టలోకి సూది దించి, ఉమ్మనీరు తీసి పరీక్షించేవాళ్లు. సూది లేకుండా మాయను చూసే చెప్పేయగలమా అన్నది వాళ్ల ప్రశ్న. వాళ్ల పేపర్లో గ్రేడ్ 3 ఉన్న బిడ్డల ఊపిరితిత్తులు బాగానే ఎదిగి ఉన్నాయి. తర్వాత వేరేవాళ్లు చూస్తే, గ్రేడ్ 3 ఉన్నా ఊపిరితిత్తులు ఎదగని బిడ్డలు కనిపించారు. ఈలోగా మొదటి మూడు నెలల్లోనే స్కాన్ చేసి తేదీ ఖాయం చేయడం మామూలైపోయింది. నెలలు నిండకుండా కాన్పు తప్పదనుకుంటే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా ఎదగడానికి తల్లికి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లూ వచ్చాయి. న్యూజిలాండ్‌లో లిగ్గిన్స్, హౌయీ వాటి ఫలితాలను 1972లోనే బయటపెట్టారు. అంటే గ్రేడ్‌తో తేల్చాలనుకున్న సంగతిని ఇప్పుడు వేరే దారుల్లో ఇంతకంటే బాగా తేలుస్తున్నారు. గ్రేడ్ మాత్రం రిపోర్టులో అలాగే ఉండిపోయింది.

స్క్రీన్ మీద అది ఎలా ఉంటుందో కొంచెం చెబుతాను, ఎందుకంటే చాలామంది మాయ కుళ్లిపోతోందనో, ఎండిపోతోందనో ఊహించుకుంటారు. ఐదో నెలలో మాయ ఒక బూడిదరంగు దిండులా నున్నగా, ఎక్కడ చూసినా ఒకేలా ఉంటుంది. బిడ్డ వైపు అంచు గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. ఇది గ్రేడ్ 0. తర్వాత ఆ అంచు కొద్దిగా వంకర తిరుగుతుంది, లోపల అక్కడక్కడ తెల్లటి చుక్కలు పడతాయి, అది 1. అంచునుంచి లోపలికి కామాల్లాంటి చిన్న గీతలు దిగి, గర్భసంచి గోడ వైపు కూడా చుక్కల వరుస కనిపిస్తే 2. ఆ గీతలు ఈ చివరనుంచి ఆ చివరదాకా చేరి, మాయ గదులు గదులుగా విడిపోయినట్టు కనిపిస్తే 3. ఆ తెలుపు క్యాల్షియం. నెలలు నిండేకొద్దీ మాయలో అది చేరడం సహజం. తలవెంట్రుకలు నెరిసినట్టే అనుకోండి. అరవైల్లో నెరిస్తే ఎవరూ పట్టించుకోరు, కొందరికి డెబ్భై వచ్చినా నల్లగానే ఉంటాయి. జుట్టు చూసి ఆ మనిషి మెట్లెక్కగలడో లేదో చెప్పలేం. ఇరవైల్లోనే నెరిస్తే మాత్రం బాలనెరుపు అని కారణం వెతుకుతాం. మాయ సంగతీ అంతే. 38, 39 వారాల్లో గ్రేడ్ 3 కొందరిలో కనిపిస్తుంది, ఇంకొందరిలో కాన్పు దాకా కనిపించనే కనిపించదు. రెండూ మామూలే.

ఇంకో సంగతి. 2కీ 3కీ మధ్య కచ్చితమైన గీత లేదు. మాయ వెనకవైపు ఉంటే బిడ్డ నీడ పడి సగం కనిపించదు. మా సెంటర్లోనే పొద్దున డాక్టరు గారు ‘2’ అన్నదాన్ని సాయంత్రం డాక్టరు గారు ‘2 నుంచి 3’ అనేవారు. ఎవరి తప్పూ కాదు, చూపులో తేడా అంతే. కానీ ఇంట్లోవాళ్లు ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని “నాలుగు రోజుల్లో ఇంత ముదిరిందా!” అని గుండెలు బాదుకుంటారు.

బాలనెరుపు అన్నాను కదా, దాన్ని తేలిగ్గా వదిలేయకూడదు. 32 వారాల లోపే, ఆ మాటకొస్తే 36 లోపు, గ్రేడ్ 3 కనిపిస్తే డాక్టరు దాన్ని పట్టించుకోవాలి. బీపీ ఉన్నవాళ్లలో, పొగతాగే అలవాటున్నవాళ్లలో, కడుపులో బిడ్డ సరిగా ఎదగనివాళ్లలో ఇలా ముందుగా రావడం ఎక్కువ. అప్పుడు కూడా వెంటనే కాన్పు చేసేయమని అర్థం కాదు. బిడ్డ ఎదుగుదలను, రక్తప్రసరణను దగ్గరగా చూడమని అర్థం. షుగర్ ఉన్న తల్లుల్లో దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. నెలలు నిండినా మాయ గ్రేడ్ తక్కువగానే ఉంటుంది. అలాగని ఆ మాయ దివ్యంగా పనిచేస్తోందని కాదు, షుగర్ కడుపుతో ఉన్నప్పుడు చూసుకోవాల్సినవి చూసుకోవాల్సిందే.

మాయ పని తీరు తెలియాలంటే చూడాల్సింది అదే రిపోర్టులో వేరే చోట ఉంటుంది. బిడ్డ పొట్ట చుట్టుకొలత, అంచనా బరువు, అది ఆ వారానికి తగ్గట్టుగా ఉందా. ఉమ్మనీరు ఎంత ఉంది. అన్నిటికంటే, డాప్లర్ (రక్తం పారే తీరు చూపే స్కాన్) చేస్తే బొడ్డుతాడు ధమనిలో రక్తం ఎలా పారుతోంది. బిడ్డ గుండె కొట్టుకున్నప్పుడు రక్తం మాయవైపు పరుగెడుతుంది, రెండు దెబ్బల మధ్య కూడా ఆ ప్రవాహం నెమ్మదిగా ముందుకే సాగాలి. మాయలో రక్తనాళాలు దెబ్బతింటే ఆ మధ్య ప్రవాహం తగ్గుతుంది, ఇంకా ముదిరితే ఆగిపోతుంది, మరీ విషమిస్తే వెనక్కి తిరుగుతుంది. రిపోర్టులో ‘ఎండ్ డయాస్టాలిక్ ఫ్లో ఆబ్సెంట్’ అనో ‘రివర్స్‌డ్’ అనో ఉంటే రేపటిదాకా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. 2016లో పలు దేశాల నిపుణులు కూర్చుని, బిడ్డ ఎదుగుదల తగ్గిందని దేన్ని బట్టి అనాలి అని ఒక ఒప్పందానికి వచ్చారు. అందులో బరువు ఉంది, పొట్ట చుట్టుకొలత ఉంది, డాప్లర్ ఉంది. మాయ గ్రేడ్ లేదు.

దీనికి ఎదురు వాదన లేకపోలేదు. 1987లో ఇంగ్లండ్‌లో సుమారు 2000 మంది గర్భిణులతో చేసిన ఒక ట్రయల్ ఫలితాలు వెలువడ్డాయి. చివరి నెలల స్కాన్‌లో అందరి మాయ గ్రేడ్ చూశారు. సగంమంది విషయంలో డాక్టర్లకు చెప్పారు, మిగతా సగంమంది విషయంలో చెప్పలేదు. చెప్పినవాళ్లలో బిడ్డల మరణాలు తక్కువగా ఉన్నాయి. గ్రేడ్ రాయాల్సిందే అనేవాళ్లు దీన్ని చూపిస్తే కాదనలేం. కానీ అది ఒకే ఒక్క ట్రయల్, డాప్లర్ ఇంత మామూలు కాకముందుది. పైగా అక్కడ ఆ అంకె చేరింది కేసు మొత్తం ఎరిగిన డాక్టరు చేతికి. డాక్టరు దాన్ని చూసి ఇంకో కన్నేసి ఉంచి ఉంటారు. మన దగ్గర అదే అంకె సెంటర్ మెట్ల మీద, డాక్టరు కంటే ముందు, ఇంటిల్లిపాది చేతిలో పడుతోంది. ఆ ట్రయల్‌ని చూపించి దీన్ని సమర్థించుకోవడం కుదరదు.

మెట్ల మీద ఏం జరుగుతుందో ఒక్కటి చెబుతాను. నల్గొండ వైపునుంచి కాన్పుకు పుట్టింటికి వచ్చిన అమ్మాయి, 37 వారాలు. బిడ్డ రెండు కిలోల ఎనిమిది వందలు, ఉమ్మనీరు బాగుంది, డాప్లర్ బాగుంది, గ్రేడ్ 3. వాళ్లమ్మ రిపోర్టు చదివించుకుని, “మాయ ముదిరినంక లోపల బిడ్డకు తిండి అందదట గదమ్మా, ఇంకెందుకు ఆగుడు?” అంది నాతో. అత్తగారు ఫోన్లో ఉంది, స్పీకర్ పెట్టారు. “గురువారం మంచిగుందని పంతులుగారు చెప్పిండు వదినా. ఎట్లనన్న తీసుడే గదా, మంచి ఘడియల తీపిద్దాం.” ఆ అమ్మాయి ఏమీ మాట్లాడలేదు, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. గ్రేడ్ 3 లేకపోతే ఆ గురువారం ప్రస్తావనే వచ్చేది కాదని అనను. కానీ ముహూర్తానికి వైద్య కారణం ఒకటి దొరికింది, ఇక ఎవరూ అడ్డు చెప్పలేరు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటులో అయితే 81.5 శాతం. దేశం మొత్తమ్మీద 21.5. ఇదంతా మాయ గ్రేడ్ వల్లే అంటే అబద్ధమవుతుంది. నొప్పులంటే భయం, మొదటి ఆపరేషన్ తర్వాత రెండోదీ ఆపరేషనే కావడం, డాక్టర్ల తీరిక, డబ్బు, ముహూర్తం, ఎన్నో ఉన్నాయి. అయితే ఆపరేషన్‌కి మొగ్గు ఇంతగా ఉన్న ఊళ్లో, ‘ముదిరిపోయింది’ అనిపించే అంకె ఎటువైపు తోస్తుందో వేరే చెప్పాలా? 37 వారాలకు నెలలు నిండినట్టే అని మన పెద్దవాళ్ల లెక్క. అమెరికా గైనకాలజిస్టుల సంఘం 2013నుంచి 37, 38 వారాలను ‘ఎర్లీ టర్మ్’ అని విడిగా పిలుస్తోంది, 39 వస్తేనే ‘ఫుల్ టర్మ్’. కారణం లేకుండా 39కి ముందే ఆపరేషన్ చేసి తీసిన బిడ్డల్లో ఊపిరి ఇబ్బందులు ఎక్కువ. ఐసీయూ బయట కుర్చీల్లో కూర్చున్న కుటుంబాలకు ఆ తేడా తెలుసు.

తేదీల గురించి ఒక చిన్న మాట. చివరి స్కాన్ రిపోర్టులో మెషీన్ మళ్లీ ఒక డ్యూ డేట్ లెక్కగట్టి వేస్తుంది, అది బిడ్డ సైజును బట్టి వచ్చే అంచనా. మీ అసలు తేదీ మొదటి మూడు నెలల స్కాన్‌లో ఖాయమైనదే. ప్రతి స్కాన్‌కీ తేదీ మార్చుకుంటూ పోకండి.

నాకు మరీ చిరాకు తెప్పించేది క్యాల్షియం గోల. ‘క్యాల్సిఫికేషన్’ అన్న మాట రిపోర్టులో కనిపించగానే ఇంట్లో క్యాల్షియం మాత్రలు ఆపేస్తారు. కొందరు పాలు కూడా మానిపిస్తారు. మా చిన్నమ్మ కోడలి మాత్రల డబ్బా ఇలాగే వంటింటి పై అరలోకి వెళ్లిపోయింది, “మాయ సున్నం పట్టిందట, ఇంకా సున్నమే మింగాల్నా?” అని. మింగిన మాత్ర వెళ్లి మాయలో పేరుకోదు. మన దేశంలో నాలుగో నెలనుంచి రోజుకు రెండు, ఒక్కోటి 500 మిల్లీగ్రాములు, బిడ్డకు ఆరు నెలలు వచ్చేదాకా వేసుకోమని ప్రభుత్వమే ఇస్తోంది. ఆహారంలో క్యాల్షియం తక్కువున్నచోట గర్భిణులకు అదనంగా ఇస్తే బీపీ ముదిరి ప్రీఎక్లాంప్సియా అనే ప్రమాదకర స్థితి దాకా పోయే ముప్పు తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇక్కడ తిరకాసు చూడండి: మాయను నిజంగా దెబ్బతీసే బీపీనుంచి కాపాడే మాత్రను, మాయ పేరు చెప్పి ఆపేస్తున్నాం. అన్నట్టు, గ్రేడ్ తగ్గించే మందు, పొడి, కషాయం ఏదీ లేదు. ఎవరైనా అమ్మితే కొనకండి.

సున్నా చుట్టాలంటే ఆ లైన్లో గ్రేడ్ పక్కనే ఇంకో మాట ఉంది, మాయ ఎక్కడ ఉందన్నది. ‘అప్పర్ సెగ్మెంట్’ (గర్భసంచి పైభాగం) అని ఉంటే సరే. ‘లో లయింగ్’ (కిందుగా ఉంది) అనో, గర్భాశయ ముఖద్వారాన్ని కప్పేసిందనో ఉంటే, అది గ్రేడ్ కంటే ఎన్నో రెట్లు పెద్ద విషయం. ఐదో నెలలో కిందుగా కనిపించిన మాయ చాలామందిలో గర్భసంచి పెరిగేకొద్దీ పైకి జరిగినట్టవుతుంది, అందుకే 32 వారాల దగ్గర మళ్లీ చూస్తారు. అప్పటికీ ద్వారానికి రెండు సెంటీమీటర్ల లోపే ఉంటే రక్తస్రావం ముప్పు ఉంటుంది. అంతకుముందు సిజేరియన్ అయి, ఆ కుట్టు మీదే మాయ కిందుగా కూర్చుంటే, అది గర్భసంచి గోడలోకి నాటుకుపోయి కాన్పులో ప్రాణం మీదికి రావచ్చు. ఇంతమందికి సిజేరియన్లు అవుతున్న రాష్ట్రంలో రెండో కాన్పుకు వచ్చేవాళ్లు మొదట చూసుకోవాల్సింది అది. ఇన్నేళ్లలో ఆ మాట చుట్టూ సున్నా చుట్టిన రిపోర్టు నా దగ్గరికి వచ్చిన గుర్తు లేదు.

తక్కువ గ్రేడ్ చూసుకుని నిశ్చింతగా ఉండటం గురించి మొదట్లో అన్నాను, అది ఇంకా ప్రమాదం. ఒకసారి సెంటర్ మూసే వేళకి ఒక జంట వచ్చింది. పొద్దుటినుంచి బిడ్డ కదలికలు తగ్గాయట. ఇంట్లో అడిగితే, “పోయిన వారమే కదా స్కాన్ అయింది, మాయ గ్రేడ్ 2నే ఉంది, ఏం కాదు” అన్నారట. రాత్రికి తీపి తినిపించి పడుకోబెడదామనుకున్నారు, ఆ అమ్మాయే పట్టుబట్టి బయల్దేరింది. మా డాక్టరు గారు స్కాన్ కూడా పెట్టలేదు, నేరుగా ఆసుపత్రికి పొమ్మని ఫోన్ చేసి పంపించారు. ఆ రాత్రే ఆపరేషన్ చేశారు. బిడ్డ కొన్ని రోజులు ఐసీయూలో ఉండి ఇంటికి వెళ్లింది. గ్రేడ్ 2 అన్నది నిజమే, అబద్ధం కాదు. బిడ్డకు ఆక్సిజన్ సరిగ్గా అందుతోందా అన్నదానికి అది జవాబు మాత్రం కాదు.

కదలికలకు మామూలుగా చెప్పే లెక్క ఒకటి ఉంది: ఎడమ పక్కకు తిరిగి పడుకుని గమనిస్తే రెండు గంటల్లో పది. దానికంటే ముఖ్యం, మీ బిడ్డ రోజూ ఎలా కదులుతుందో మీకు తెలుసు, అది తగ్గిందనిపిస్తే తెల్లారేదాకా ఆగకూడదు. హైదరాబాద్‌లో అయితే పేట్లబురుజు, కోఠి, నీలోఫర్, గాంధీ ఆసుపత్రుల్లో ఏది దగ్గరైతే అది. ప్రసవాల వార్డు రాత్రి కూడా తెరిచే ఉంటుంది. తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం వాపు, రక్తం కనిపించడం, ఉమ్మనీరు పోవడం, వీటికీ ఇదే మాట.

ఇంత తెలిసి ఈ గ్రేడ్ రాయడం ఎందుకు మానరంటే, అది ఒకరి చేతుల్లో లేదు. ఒకసారి మా డాక్టరు గారినే అడిగాను, 38 వారాల రిపోర్టులో ఇది లేకపోతే ఏమవుతుందని. “నేను రాయకపోతే గైనిక్ మేడమ్ ఫోన్ చేసి గ్రేడ్ ఏదీ అంటుందమ్మా,” అన్నారు. ఆ మేడమ్ మా సెంటర్‌కే తన చెల్లెల్ని తీసుకొచ్చినప్పుడు ఆవిడనీ అడిగాను. “నాకెందుకు? లేకపోతే పేషెంట్ వాళ్లు ఊరుకోరు, స్కాన్ సగమే చేశారంటారు,” అంది. పేషెంట్ వాళ్లేమో, రాశారంటే ఏదో ఉండే ఉంటుందని భయపడతారు. ఇలా ముగ్గురూ ఒకరి మీద ఒకరు వేసుకుంటూ ఆ లైన్‌ని కాపాడుకొస్తున్నారు. టెంప్లేట్‌లో ముందే టైపు చేసి ఉండే లైను అది. నేను మార్చాల్సింది ఒక్క అంకే.

నా లెక్కలో దీన్ని తెంచాల్సింది రేడియాలజిస్టే, ఎందుకంటే కాగితం అక్కడే పుడుతుంది. 36 వారాల లోపు గ్రేడ్ 3 వస్తే తప్పకుండా రాయండి, పక్కనే వారం రాయండి, డాప్లర్ ఎలా ఉందో రాయండి, డాక్టరుకు ఫోన్ కూడా చేయండి. నెలలు నిండాక రాయకండి. రాయక తప్పదనుకుంటే కింద తెలుగులో రెండు వాక్యాలు వేయండి: ‘37 వారాలు దాటాక గ్రేడ్ 3 మామూలే, దీని ఒక్కదానికోసం కాన్పు ముందుకు జరపక్కర్లేదు. బిడ్డ కదలికలు తగ్గితే మాత్రం వెంటనే ఆసుపత్రికి రండి.’ పాతబస్తీ సెంటర్లయితే ఉర్దూలో కూడా. జాగా లేదని మాత్రం చెప్పొద్దు. బిడ్డ ఆడో మగో చూడలేదు, చెప్పలేదు అనే డిక్లరేషన్ 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం పుణ్యమా అని ప్రతి రిపోర్టు కిందా పడుతూనే ఉంది, అన్నేళ్లు నేనే టైపు చేశాను. దాని కింద ఇంకో రెండు లైన్లు హాయిగా పడతాయి.